పోయిన

రాణిగంజ్‌ల పద్దెనిమిది గేజి తీగ, కిలోల లెక్కన.
కడ్డీకి చుట్టి, స్ప్రింగులెక్క తీసి, చుట్టు చుట్టు కత్తిరించి
ఒక్కో రింగుల నాలుగు రింగులు.
పద్నాలుగు నెలలు.
పగలంత నల్లా బిల్లులు రాసిన చేతులు
రాత్రి పదింటికి పటకారు పట్టేటియి.
ఇప్పటికీ ఇల్లూడుస్తే దొరుకుతయి
అతకని రింగులు, ఒకటో రెండో.

లోపల తొడిగే దూది అంగీ మల్లేపల్లిల కుట్టించిన.
"ఇది మనిషికా, మంచానికా?" అన్నడు
కొలతలు తీసుకుంట మఖ్దూమ్ భాయి.
కుట్టినంక తనే తొడుక్కొని అద్దం ముంగట నిలవడ్డడు.
మరుసటి ఆదివారం సొంతది కుట్టుకొని వచ్చిండు.

నయా ఖిలా పక్క బయలుల, పొద్దుగాల ఆరింటికి మా యుద్ధం.
ఏడున్నరకు ఎండ గెలుస్తది.
క్రికెట్ పోరగాళ్లు బ్యాట్లు భుజానేసుకొని ఆగుతరు.
"అన్నా, ఏం సిన్మా?"
"సిన్మా కాదు."
"మరెందుకు?"
దీనికింకా మాకు జవాబు దొరకలే.
కాటేదాన్‌ల పాత సిలిండరు నెత్తి కోసి చేయించిన టోపం.
దాంట్లకెల్లి చూస్తే లోకమంత ఒక్క చీలిక,
మన ఊపిరే ఎవరో వెనక నిలవడ్డట్టు.

కత్తులకు పదును లేదు. అంపైరు లేడు.
ఉన్నది ఒక్కటే కట్టుబాటు:
తగిలితే, తగిలినోడే చెప్పాలె.
"పోయిన" అని గట్టిగ అని మోకాళ్ల మీద కూలాలె.
కొట్టినోడు అనొద్దు. చూసినోడు అనొద్దు.
కత్తి తిప్పుడు నేర్వనీకి ఆర్నెల్లు.
ఆ మాట నేర్వనీకెంతో ఎవరూ లెక్కగట్టలే.

మొన్న ఆదివారం నీలవేణి బల్లెం
నా ఎడమ పక్కటెముకల కింద దిగింది.
ఉప్పల్‌ల ఫిజియోథెరపీ చేసే పిల్ల,
ఎముక ఏడుంటదో తెలుసు, ఏడుండదో గూడ తెలుసు.
ఇనుము దాటింది, దూది దాటింది.
నేను అనలే.
ఒక అడుగు ముందుకేసి ఆమె భుజం మీద కొట్టిన.
"పోయిన," అన్నది, రెప్పపాటు ఆగకుండ.
గడ్డిల కూసొని టోపం తీసి నా దిక్కు చూసింది.
ఏం అడగలే.
మజ్జిగ ప్యాకెట్ మూల పంటితోని కొరికింది.
మఖ్దూమ్ భాయి తన చేతి కుట్లల్ల
ఏదో తెగిన దారం వెతుక్కుంటుండు.

ఆ రాత్రి మలక్‌పేట, సత్యనాథం ఇంట్ల ఆట.
అన్నం తినే బల్ల మీద ఆరు మూలల గళ్ల పటం, నేనే గీసింది.
గోల్కొండ ముట్టడి, ఎనిమిది నెలలు, పదహారు ఎత్తులు.
అట్టముక్కల ఫిరంగులు. తిండిగింజలకు కందిపప్పు,
ఆకలేస్తే సత్యనాథం కొడుకు నాలుగు నోట్లేసుకుంటడు,
కోటల కరువొస్తది.
ఫిరంగులతోని ఆ గోడ పడదు.
కాని రాత్రి ఎత్తుల రెండు పాచికలూ ఒకట్లు పడితే
లోపటోడు ఎవడో గడియ తీస్తడు.
"తీసెయ్ ఈ రూలు," అని ప్రతిసారి కొట్లాట సత్యనాథం.
"చరిత్ర," అంట నేను ప్రతిసారి.
ఆ రాత్రి అనలే.
గడియ తీసినోనికి ఏం ముట్టిందో రాసుంటరు.
తెల్లారి ఎడమ పక్కకు తిరిగి పండుకోగలిగిండా, అది రాయరు.

పాచికలు వేసిన.
ఒకటి పడ్డది. రెండోది బల్ల అంచుదాక పోయి కిందికి దొర్లింది.
సత్యనాథం వంగి చూసిండు.
"నాలుగు," అన్నడు, చేతికి తీసుకుంట.
నేను వంగలే.
కోట నిలవడ్డది.

వారమంత బనీను కింద ఊదా రంగు, పచ్చగయి, పసుపయింది.
ఆదివారం వరుసల నిలవడ్డం.
నీలవేణి బల్లెం ఇంకా నేల మీదనే ఉన్నది.
ఎవరూ కొట్టలే. ఎవరూ కదలలే.
"పోయిన," అన్న. కూలిన.
పన్నెండు వేల రింగులు ఒక్కపారే నేలను తాకిన చప్పుడు.
పోరగాళ్లు పకపక నవ్విన్రు,
"అరే, కొట్టకముందే సచ్చిండు!"

నీలవేణి దగ్గరికొచ్చి టోపం పైకెత్తింది.
"పోయిన వారందా?"
"అవు."
"లే మరి," అని చెయ్యిచ్చింది,
"ఏడు గూడ కాలే."